స్టర్లింగ్‌కి ఒక రోజు ఇవ్వండి

స్కాట్లాండ్ వచ్చే మనవాళ్లు చాలామంది ఎడిన్‌బరా కోట చూసి, లాక్ నెస్ సరస్సు టూర్ బస్సెక్కి వెళ్లిపోతారు. స్టర్లింగ్ ఊరిని వదిలేస్తారు. ఎడిన్‌బరా నుంచి రైల్లో గంటలోపే, గ్లాస్గో నుంచి ఇంకా తక్కువ. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

స్టేషన్ నుంచి స్టర్లింగ్ కోట దాకా అంతా ఎత్తే, కాళ్లు పీకుతాయి, కానీ పైకెళ్లి గోడ దగ్గర నిలబడి కిందకి చూస్తే స్కాట్లాండ్ చరిత్ర ఎందుకు ఇక్కడే తిరిగిందో పుస్తకం అక్కర్లేకుండా అర్థమవుతుంది. కింద మెలికలు తిరుగుతూ ఫోర్త్ నది. అప్పట్లో పడమట అంతా బురద నేల, తూర్పుకి వెళ్తే నది వెడల్పైపోతుంది, ఉత్తరానికి వెళ్లే సైన్యమేదైనా ఇక్కడే దాటాలి. 1297 సెప్టెంబర్ 11న ఇంగ్లిష్ సైన్యం ఇరుకైన చెక్క వంతెన మీద దాటుతుంటే, కొంత సైన్యం అవతలికి చేరేదాకా ఆగి స్కాట్ నాయకులు విలియం వాలెస్, ఆండ్రూ మోరే విరుచుకుపడ్డారు. వాలెస్‌కి ఎదురు గుట్ట మీద 67 మీటర్ల స్మారకం ఉంది. ఆ యుద్ధంలో సమానంగా నిలిచిన మోరే పేరు ఎవరూ ఎత్తరు, అది నాకు అన్యాయం అనిపిస్తుంది.

కోటలో గ్రేట్ హాల్ పసుపు రంగులో మెరిసిపోతుంటుంది. స్కాట్లాండ్ రాజు నాలుగో జేమ్స్ కట్టించిన హాలు ఇది, పాత రోజుల్లో ఉన్నట్టే ఉండాలని 1999లో మళ్లీ సున్నం వేశారు. చుట్టూ బూడిదరంగు రాళ్ల మధ్య ఈ రంగేమిటని కొందరు అంటారు గానీ నాకు చాలా నచ్చింది.

అన్నిటికంటే ఎక్కువసేపు ఆగిపోయింది స్టర్లింగ్ హెడ్స్ దగ్గర. అయిదో జేమ్స్ ప్యాలెస్ పైకప్పుకి చేయించిన గుండ్రటి ఓక్ చెక్కలు, ఒక్కోటి దాదాపు మీటరు వెడల్పు, వాటి మీద చెక్కిన రాజులు, రాణులు, రోమన్ చక్రవర్తుల బొమ్మలు. కింద గదిలో రంగులేసిన కొత్త నకళ్లు ఉంటాయి, అసలువి పైన గ్యాలరీలో. దగ్గరికెళ్లి చూస్తే చెక్కలో పగుళ్లు, జుట్టు పాయ పాయగా చెక్కిన తీరు కనిపిస్తాయి. ఒకదాని అంచు చుట్టూ సున్నాలు, నిలువు గీతలు వరసగా ఉన్నాయి, అది హార్ప్ అనే తీగల వాద్యం మీద వాయించే పాట కావచ్చని కొందరు పరిశోధకుల అభిప్రాయం. నిజమైతే ఎంత బాగుంటుందో!

స్కాట్లాండ్ రాణి మేరీకి 1543లో ఈ కోటలోనే పట్టాభిషేకం చేశారు, అప్పటికి తొమ్మిది నెలల పాప. 1567లో ఆమె కొడుక్కి, పదమూడు నెలల జేమ్స్‌కి, కోట కిందున్న హోలీ రూడ్ చర్చిలో చేశారు. రెండూ నడిచి వెళ్లేంత దగ్గరే, చర్చిని మాత్రం మిస్సవకండి.

టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. వాలెస్ స్మారకం కూడా ఎక్కాలంటే 246 మెట్లున్నాయి, పెద్దవాళ్లు వెంట ఉంటే కోట ఒక్కటే పెట్టుకోండి, చాలు.