ఎడమ భుజం

"ఊపిరి బిగబట్టకు బాబూ, పొట్ట ఎక్కడికీ పోదు" అన్నారు టైలర్ మాస్టారు, నడుం చుట్టూ టేపు తిప్పుతూ. పక్కన కాజాలు కుడుతున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు.

బెజవాడ వన్‌టౌన్‌లో ఇరుకు కొట్టు. పెళ్లికి వేసుకెళ్లడానికి చొక్కా కుట్టించుకుందామని నేను తీసుకెళ్లింది మంగళగిరి కాటన్. దాన్ని తడిపి ఆరేశాకే కత్తెర పెడతారట, లేకపోతే మొదటి ఉతుక్కే చొక్కా కురచైపోతుందట.

తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, కళ్లజోడు సర్దుకుని నా వైపు అలా చూస్తూ ఉండిపోయారు.

"ఎడమ భుజం కొంచెం దిగింది. బ్యాగు అటే తగిలిస్తావా?"

అటే, కాలేజీ రోజుల నుంచీ! రెడీమేడ్ చొక్కా ఏది వేసినా కాలర్ ఓ పక్కకి ఎందుకు లాగుతుందో ఇవాళ తెలిసింది. పాపం, ఇన్నాళ్లూ బ్రాండ్లని తిట్టుకున్నాను.

కొలతల పుస్తకంలో నా గుడ్డ ముక్క ఒకటి పిన్ను గుచ్చి, పక్కనే "ఎడమ పావు దిగువ" అని రాసుకున్నారు. చొక్కాకి జేబు కావాలా, ఫోన్ పెడతావా, పెన్నా అని కూడా అడిగారు. జేబు కొలత దాన్ని బట్టి మారుతుందట. షోరూములో నన్నెవరు అడిగారు ఇవన్నీ?

గుడ్డా, కుట్టుకూలీ కలిపితే రెడీమేడ్ కంటే కాస్త ఎక్కువే అయింది. పర్లేదు.

డెలివరీ శుక్రవారం అన్నారు. టైలర్ చెప్పే శుక్రవారం ఏ శుక్రవారమో మీకూ తెలుసుగా. పెళ్లేమో ఆ ఆదివారమే. టెన్షన్!