కారు అయిదు సీట్లదే, అత్తమ్మా

పెండ్లికార్డు ఇంటికి చేరిన సాయంత్రమే ఫోన్లు మొదలైతయి. "మీ కారుల జాగ ఉంటది గదా, మేం ముగ్గురమే." ముగ్గురంటే పెద్దవాళ్లు ముగ్గురని అర్థం. పిల్లలు ఆ లెక్కలోకి రారు. నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు దిక్కు కారున్న ప్రతి ఇంటికీ ఈ లెక్క తెలిసిందే. చెర్వుగట్టు పోయినా, కురుమూర్తి జాతరకు పోయినా, శ్రీశైలం పోయినా ఇదే తంతు.

రమ్మని చెప్పినా రావద్దని చెప్పినా ఆ ఫోన్లోనే చెప్పాలి. కాదనడానికి అన్నిటికంటె చెడ్డ చోటు కారు తలుపు దగ్గర. అప్పటికే పట్టుచీరెలు కట్టి, పూలు పెట్టుకొని, వాకిట్లో నిలబడి ఉంటారు. వాడకట్టంతా చూస్తుంటది. అక్కడ ఎవరిని దిగమన్నా అది అవమానమే అయితది, మీది ఎంత న్యాయమైనా సరే. అదే మాట పది రోజుల ముందు ఫోన్లో అంటే ఉత్త లెక్క.

మన దగ్గర "చూద్దాంలే" అంటే "సరే" అన్నట్టే. ఆ మాట నోట్లోంచి రానీయొద్దు. "కారు రిపేరుల ఉంది" అనే సాకు కూడా పనికిరాదు, తెల్లారి అదే కారు పెండ్లి పందిరి ముందు కనబడుతది. అనాల్సింది ఇట్లా: "అత్తమ్మా, నాతోని కలిపి అయిదుగురమే పడతం. నలుగురమైనం, ఒక్క సీటుంది. నువ్వొస్తవా, మామయ్యొస్తడా చెప్పు. మిగిలినోళ్లను పొద్దున ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కించే పూచీ నాది." ఈ మాటలో మూడు ముక్కలున్నయి: సీట్లెన్ని, మిగిలిందెన్ని, కారులో పట్టనివాళ్లు ఎట్లా వస్తరు. మూడోది లేకుంటే మొదటి రెండూ వాళ్ల చెవికెక్కవు. తప్పించుకుంటున్నడనే అనుకుంటరు.

సీట్ల సంఖ్య ఆర్‌సీ మీద ఉంటది, అందులో తోలేటాయన కూడా కలిసే ఉంటడు. అయిదు అంటే తోలేటాయన కాక నలుగురు. దానికన్నా తేలికైన లెక్క బెల్టులది: ఎన్ని బెల్టులో అంతమంది. కాకుంటే మన దగ్గర ఒక చిక్కుంది. కారు కొన్న వారంలోనే మందపాటి సీటు కవర్లు వేయిస్తం, వెనక సీటు బెల్టుల బకిల్స్ వాటి కిందకు పోతయి. ఏండ్ల తరబడి అక్కడే ఉంటయి. ప్రయాణానికి ముందురోజే సీటుకూ ఆనుడుకూ మధ్య సందులో చెయ్యి పెట్టి మూడింటినీ పైకి లాగి, ఒక్కొక్కటీ పెట్టి టక్కుమంటదో లేదో చూసుకోండి. నడిమి సీటుకు పాత కార్లలో నడుము బెల్టే ఉంటది, కొన్నిట్లో అదీ ఉండదు.

ఇక బేరాలు మొదలైతయి. మొదటిది: "చంటిది ఒళ్ళో కూసుంటది, దానికి జాగెందుకు?" దీనికి జవాబు అంకెల్లోనే చెప్పాలి. 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు దేన్నన్నా గుద్ది అరమీటరులో ఆగిపోయిందనుకోండి, 10 కిలోల పిల్లను పట్టుకున్న చేతుల మీద పడే బలం దాదాపు 200 కిలోల బరువంత. రెండు క్వింటాళ్ల వడ్లు! తల్లి ప్రేమ ఎంతున్నా చేతులు ఆపలేవు. ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకుంటే ఇంకా ఘోరం. ఎయిర్‌బ్యాగు రెప్పపాటుకన్నా ముందే విచ్చుకుంటది, దానికీ పెద్దమనిషికీ మధ్య పిల్ల ఉంటది. ఇద్దరికీ కలిపి ఒకటే బెల్టు పెట్టడం మరో తప్పు. పెద్దమనిషి బరువంతా పిల్లను బెల్టుకేసి నలిపేస్తది. చంటిపిల్లకు చైల్డ్ సీటు బిగిస్తే అది ఒక సీటు తీసుకుంటది, అంటే పిల్ల కూడా ఒక మనిషి లెక్కే. 14 ఏండ్లలోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుంటే మోటారు వాహనాల చట్టం 194బీ కింద తోలేటాయనకు 1,000 రూపాయల జరిమానా. పెద్దవాళ్లు బెల్టు పెట్టకున్నా అంతే.

రెండోది: "వెనుక నలుగురం సర్దుకుంటం, కొంచెం ముందుకు ఒకరు, వెనక్కి ఒకరు." టేపు తీసుకొని కొలవండి. చిన్న కార్ల వెనుక సీటు భుజాల దగ్గర 130 సెంటీమీటర్లకు అటూ ఇటుగా ఉంటది. కూసున్న పెద్దమనిషికి 45 అయినా కావాలి, నలుగురికి 180. ఆ తేడా తలుపు మీద పడుతది. నాలుగో మనిషి కూసున్నాక ఏ బకిలూ అందదు, అది ఎవరి తొడ కిందో ఉంటది. అంటే ఒక్కరు ఎక్కువైతే ఒక్కరికి కాదు, నలుగురికీ బెల్టు పోయినట్టు. ఆపైన నడిమి అద్దంలో తలలే తప్ప వెనుక రోడ్డు కనబడదు. వానాకాలమైతే అంతమంది ఊపిరికి అద్దాలు మసకబారుతయి. ముందు సీట్లో ఇద్దరు కూసుంటే రెండోవాళ్ల మోకాలు గేరు రాడ్డుకు తగులుతుంటది.

మూడో మాట అసలైంది: "మొన్న వాళ్లు తొమ్మిది మంది పోయి రాలేదా?" పోయొచ్చినరు నిజమే. కానీ బండి ఏం మోసిందో చూడండి. పెద్దవాళ్లు ఏడుగురు, మనిషికి 65 కిలోలు, 455. పిల్లలిద్దరు 50. సామాను, బియ్యం మూట, స్టీలు బిందె కలిపి 60. మొత్తం 565. చిన్న కారు మోయగల బరువు 400 నుంచి 500 కిలోల మధ్య ఉంటది. మీ కారు గ్రాస్ వెయిట్‌లోంచి (నిండు బండికి కంపెనీ పెట్టిన హద్దు బరువు) ఖాళీ బండి బరువు తీసేస్తే సరిగ్గా ఎంతో తెలుస్తది. రెండూ మాన్యువల్‌లో ఉంటయి. పైగా ఎక్కువైన బరువులో చాలావరకు వెనుక ఇరుసు మీదే.

అప్పుడు టైరు పక్కగోడలు ఒత్తుకొని, తిరిగిన ప్రతిసారీ వంగి లేచి వేడెక్కుతయి. గాలి తక్కువుంటే ఇంకా ఎక్కువ. ఎండకాలం మధ్యాహ్నం జాతీయ రహదారి 65 మీద గానీ 44 మీద గానీ వేగంగా పోతుంటే ఈ వేడే టైరును పేలుస్తది. టైరు మీద సైజు తరువాత 82 లాంటి అంకె ఉంటది. 82 అంటే గాలి సరిగ్గా ఉన్నప్పుడు ఆ ఒక్క టైరు మోసేది 475 కిలోలు. తోలేటాయన తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కరుంటది, నిండు బరువుకు వెనుక టైర్లలో గాలి ఎంతుండాలో చాలా కార్లకు అక్కడ వేరుగా రాసి ఉంటది. అది అయిదుగురికి రాసిన లెక్క. తొమ్మిది మందికి ఎంత కొట్టాలో ఏ స్టిక్కరూ చెప్పదు.

రాత్రి ప్రయాణంలో ఇంకోటి బయటపడుతది. వెనుక కుంగితే మూతి లేస్తది, మూతితో పాటే హెడ్‌లైటు. డిప్ పెట్టినా ఎదురొచ్చేవాళ్లు లైటు కొడుతనే ఉంటరు. మీకేమో దగ్గరి రోడ్డు చీకటైతది. కోతల కాలంలో మన ఊర్ల రోడ్లు సగం వడ్ల కల్లాలే: నల్ల పరదా కప్పి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంటరు. ఆ రాయి కనబడాల్సింది ఆ దగ్గరి వెలుతురులోనే. స్టీరింగు ఎడమనో కుడినో 0 నుంచి 3 దాకా ఉండే చిన్న చక్రం లైటును దించడానికే. అది కూడా కంపెనీ చెప్పిన బరువు దాకే పనికొస్తది.

శ్రీశైలం తొవ్వైతే చర్చే వద్దు. మన్ననూరు దాటి దోమలపెంట నుంచి డ్యాం దిక్కు దిగేటప్పుడు బండి బరువును ఆపే పని బ్రేకులదీ ఇంజనుదీ. బరువు పెరిగినంతా బ్రేకుల్లో వేడి పెరుగుతది, వేడెక్కిన బ్రేకు పట్టు తగ్గుతది. రెండో గేరులో దిగాలనేది అందుకే. అమ్రాబాద్ అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు కాబట్టి "ఒక ట్రిప్పు దించి మళ్లీ వస్తా" అనే ఉపాయం ఆ తొవ్వలో రాత్రిపూట నడవదు.

చుట్టాలకు చెప్పడానికి మొహమాటపడేదీ, తప్పక తెలిసుండాల్సిందీ బీమా. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ (మన బండితో బయటివాళ్లకు జరిగే నష్టానికిచ్చేది) ఉంటే సొంత కారులో ఊరికే ఎక్కించుకున్నవాళ్లకు అది వర్తించదు. అన్నీ కలిసిన కాంప్రెహెన్సివ్ పాలసీ ఉన్నా లెక్క సీట్ల వరకే. సామర్థ్యానికి మించి ఎక్కించుకున్న ఒక బస్సు కేసులో 2007లో సుప్రీంకోర్టు, బీమా కంపెనీ బాధ్యత అనుమతి ఉన్న సంఖ్య దాకే అన్నది. ఆపైన పడేది కారు ఓనరు మీదే. డీజిలు ఖర్చుకని తలా ఇంత వసూలు చేస్తే కిరాయి అన్న మాట కూడా వస్తది. ప్రాణం పోతే, నిర్లక్ష్యమని తేలితే, భారతీయ న్యాయ సంహిత 106 కింద అయిదేండ్ల దాకా జైలు. పాత ఐపీసీ 304ఏలో అది రెండేండ్లే ఉండె.

మరి మిగిలినోళ్లు ఎట్లా పోవాలె? 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు, ఆధార్ చూపి జీరో టికెట్ తీసుకుంటే చాలు. శ్రీశైలానికైతే రాష్ట్రం సరిహద్దు దాకే ఉచితం. కాబట్టి కారులో పట్టనిది అత్తమ్మ, వదిన అయితే ఖర్చు మాటే రాదు. మొహమాటం తీర్చాల్సింది బస్టాండు దాకా దింపి, సీటు దొరికేదాకా నిలబడి. పెద్దమనుషుల్లో నడవలేనివాళ్లు, బాలింతలు కారులో, గట్టిగున్న పోరగాళ్లు బస్సులో అని మీరే ముందు పంచితే సగం అలకలు పుట్టవు. పదిమంది దాటితే తుఫాన్ బండో, రెండు ట్యాక్సీలో మాట్లాడుకోవాలె. కిరాయి తలా ఇంత పడుతదని అదే ఫోన్లో చెప్పాలె. దగ్గరి ఊరైతే రెండు ట్రిప్పులు: 12 కిలోమీటర్ల దూరానికి పోయి వచ్చి మళ్లీ పోతే ముప్పావు గంట ఎక్కువైతది. ముహూర్తానికి అంత ముందే బయలుదేరాలె, అంతే.

ఏడు సీట్ల కారున్నవాళ్లకు ఒక మాట. మూడో వరుస వేస్తే డిక్కీ ఉండదు. ఏడుగురూ సామానూ రెండూ కావాలంటే సామాను కారుపైకెక్కుతది, మలుపుల్లో బండి ఊగుతది. ఏడుగురన్నా తగ్గాలె, మూటలన్నా తగ్గాలె.

ఇంత చెప్పినా ఆ పొద్దు ఎవరో ఒకరు సంచి పట్టుకొని వస్తరు. తోలేటాయన సీట్లో కూసోవద్దు. కూసుంటే అందరూ ఎక్కేస్తరు. తాళం చేతిల పట్టుకొని బయటనే నిలబడి, "బెల్టులన్నీ పడ్డంక బండి కదులుతది, నిన్ను ఫస్టు బస్టాండుల దింపొస్త, పా చిన్నాయనా" అని ఆయన్నొక్కన్ని ఎక్కించుకొని పోవాలె. మిగిలినోళ్లు ఆ పావుగంట చాయ తాగుతరు.

చాలామంది పట్టు తప్పేది పోయేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు. పొద్దున బస్సుల వచ్చినోళ్లకు రాత్రి పదింటికి బస్సుండదు, అప్పగింతలయ్యేసరికి అందరూ మీ కారు చుట్టే తిరుగుతరు. అందుకే ఫోన్లో పొద్దున పోయే బస్సు చెప్పినప్పుడే వచ్చే బస్సు ఆఖరిది ఎన్నింటికో కనుక్కొని చెప్పాలె. అది దొరకదనిపిస్తే తిరుగు ప్రయాణానికి బండి మాట్లాడి, డ్రైవరు నంబరు ఆ ముగ్గురిలో ఒకరి ఫోన్లో ఎక్కించి పెట్టాలె.