గోపాల్‌పూర్‌లో ఎనిమిది గదుల లాడ్జి కోసం

ఒడిశాలోని బరంపురం స్టేషన్ బయట ఆటో అతను సముద్రపొడ్డు ఊరు గోపాల్‌పూర్‌కి ఆరు వందలు అడిగాడు. పదహారు కిలోమీటర్ల దూరానికి! డిసెంబరు చివరి వారంలో కోల్‌కతా జనమంతా అక్కడే దిగుతారు కాబట్టి బేరం పెద్దగా సాగదు. నాలుగు వందల దగ్గర ఆగిపోయాడు. సామాను తక్కువుంటే బస్టాండుకి వెళ్ళి బస్సెక్కండి, అందులో పదో వంతు కూడా కాదు. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా, విశాఖ, కోణార్క్ అన్నీ బరంపురంలో ఆగుతాయి. దారి సంగతి మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది వెతకడం గురించే, ఎందుకంటే రెండు రోజులు తప్పు పద్ధతిలో వెతికాను.

నాకు కావలసింది 1998 డిసెంబరులో దిగిన ఒక చిన్న లాడ్జి. ఒంటి అంతస్తు, ఎనిమిది గదులు, సముద్రం వైపు పొడుగాటి వరండా, ఎర్రగా నున్నటి గచ్చు, పెరట్లో బావి. పేరు గుర్తు లేదు, రసీదు లేదు. ఉన్నదల్లా ఒడ్డున నిలబడి లాడ్జి వైపు తీసిన ఒక ఫోటో. ఎడమ పక్క లైట్‌హౌస్, కుడి పక్క రేవు రోజులనాటి గిడ్డంగి మొండిగోడ, మధ్యలో లాడ్జి కప్పు, వెనక దూరంగా కొండలు.

మొదటి రోజు పేర్లు అడుగుతూ తిరిగాను. అది శుద్ధ దండగ. సముద్రం ఒడ్డు లాడ్జీలు చేతులు మారినప్పుడల్లా బోర్డు మారుతుంది. బుకింగ్ యాప్‌లో కొత్త పేరే ఉంటుంది, పాత పేరు పాత మనుషుల నోట్లో ఉంటుంది, కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాడికి రెండోది తెలియదు. పైగా గోపాల్‌పూర్‌లో పాతిక ముప్ఫై ఏళ్ళ జ్ఞాపకాన్ని తుడిచేసిన తుఫాన్లు ఒకటి కాదు. 1999 అక్టోబరు 17న ఒకటి ఇక్కడే తీరం దాటింది. ఆ నెల 29న పారాదీప్ దగ్గర వచ్చిన పెద్ద తుఫాను ముందు ఇది ఎవరికీ గుర్తుండలేదు కానీ గంజాం జిల్లా మాత్రం మర్చిపోలేదు. తర్వాత 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్, గంటకి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు గాలితో. సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖని కొట్టింది కాబట్టి మనకి ఆ తేదీ ఇంకోలా గుర్తు. ఫోటోలో లాడ్జి పక్కనున్న సరుగుడు చెట్లు ఇప్పుడు ఒక్కటీ లేవు. అంటే చెట్టు గుర్తుతో వెతకడం కూడా దండగే.

రెండో రోజు గురించి చెప్పడానికేమీ లేదు. ఎండ, హోటళ్ళ గేట్లు, ప్లేటు చేపల వేపుడికి మూడు వందల ఇరవై.

మూడో రోజు పొద్దున్నే తెప్పలు ఒడ్డుకి చేరే చోటికి వెళ్ళాను. అక్కడంతా తెలుగే. ఒడియావాళ్ళు నోలియాలంటారు, వాళ్ళు మాత్రం మేం వాడబలిజలమని చెప్పుకుంటారు. పూరీలో పెంటకోట నిండా వీళ్ళ బంధువులే. గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, బర్మాకి కూలీలు ఓడలెక్కిన రేవు ఇది. ఆ రోజుల్నుంచీ ఈ ఇసుక మీద తెలుగు వినబడుతూనే ఉంది. వలలోంచి కవ్వళ్ళ చేపలు విదిలిస్తున్న ఒక ముసలాయనకి ఫోటో చూపించాను. లాడ్జి పేరేమిటని ఆయన అడగనే లేదు.

"ఇది తీసినోడు ఏడ నిలబడ్డాడో సూడాల బాబూ. ఇల్లు తర్వాత."

వేటకెళ్ళేవాళ్ళు నడిసంద్రంలో రాతిగుట్ట ఉన్న చోటుని ఎలా పట్టుకుంటారో అదే పద్ధతి ఇది. నీళ్ళ మీద గీత గీయలేం కదా. ఒడ్డు వైపు చూసి దగ్గరది ఒకటి, దూరంది ఒకటి, రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా తెప్ప నడుపుతారు. అది ఒక వరస. పక్కకి తిరిగి ఇంకో జత చూస్తారు. రెండు వరసలూ కలిసిన చోట వల వేస్తారు. ఒక్క జతయితే ఆ వరస మీద ఎక్కడైనా ఉండొచ్చు, చోటు తేలదు. రెండు జతలుంటే ఒక్క చోటే మిగులుతుంది. ఆ రెండు చూపులూ ఒకదానికొకటి బాగా అడ్డంగా ఉండాలి, పక్కపక్కనే ఉంటే పదడుగుల తేడా కాస్తా వందడుగులవుతుంది.

ఫోటోలో ఆయన వేలు పెట్టి చూపించింది ఇంతవరకూ నేను చూడనే లేదు. లైట్‌హౌస్ సరిగ్గా రెండు కొండల మధ్య పల్లంలో నిలబడి ఉంది. అది మొదటి జత. కుడి పక్క మొండిగోడ అంచు, దాని వెనక ఒక పాత బంగళా కప్పు కొస ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. అది రెండో జత. బంగళా ఇంకా ఉంది, గోడా ఉంది.

"కొండ కదలదు, దీపం కదుల్తాది. నువ్వు నడు."

మనం నడుస్తుంటే దూరంగా ఉన్న కొండ దాదాపు ఉన్నచోటే ఉంటుంది, దగ్గరున్న లైట్‌హౌస్ దాని ముందు పక్కకి జరుగుతున్నట్టు కనిపిస్తుంది. పల్లం మధ్యకి వచ్చేదాకా ఒడ్డు వెంట నడవాలి. అక్కడ చిక్కు ఏమిటంటే ఆ వరస మీద రెండు కొత్త హోటళ్ళు లేచాయి, కొండలు కనబడవు. నీళ్ళలోకి మోకాలి లోతు దిగితే కొంచెం సందులోంచి కనిపిస్తాయి. అంతకంటే లోపలికి దిగొద్దు, ఇక్కడ వెనక్కి లాగే నీళ్ళకి బలం ఎక్కువ, ఈతొచ్చినవాళ్ళని కూడా లాగేస్తాయి.

ఇంకో చిక్కు ఫోనుతో. పాత చిన్న కెమెరాల లెన్సు ఎక్కువగా ముప్ఫై అయిదు మిల్లీమీటర్లది. ఇప్పటి ఫోను మామూలుగా ఇంకా వెడల్పుగా చూస్తుంది, దాంతో లైట్‌హౌస్ చిన్నదిగా కనబడి మనం దూరంగా ఉన్నామనుకుని ముందుకు నడిచేస్తాం. ఫోనుని ఒకటిన్నర రెట్లు జూమ్ చేసి పట్టుకుంటే పాత ఫోటోకి దగ్గరగా వస్తుంది. ఒక చేతిలో ఫోటో, ఇంకో చేతిలో ఫోను. మొదటి వరస దొరికాక దాని మీదే ముందుకీ వెనక్కీ నడిచి గోడ అంచు, బంగళా కొస కలిసేదాకా జరగాలి. నాకు అది పొడి ఇసుకలో, పల్లీలమ్మే బళ్ళ మధ్య దొరికింది. 1998లో ఫోటో తీసింది తడి ఇసుక మీద. ఒడ్డు అంత మారింది. నీళ్ళ అంచుని గుర్తుగా పెట్టుకుని వెతికినవాడికి ఎప్పటికీ దొరకదు.

దిక్కుల విషయంలో కూడా మోసపోవద్దు. మనం బంగాళాఖాతం అంటే తూర్పు అనేసుకుంటాం. గోపాల్‌పూర్ ఒడ్డు ఆగ్నేయానికి తిరిగి ఉంది. డిసెంబరులో సూర్యుడు తూర్పుకి సుమారు పాతిక డిగ్రీలు దక్షిణంగా పొడుస్తాడు కాబట్టి ఒడ్డున నిలబడితే దాదాపు ఎదురుగా, కొంచెం ఎడమగా వస్తాడు. జూన్‌లో అయితే ఎడమవైపు బాగా పక్కకి, ఒడ్డు వెంట లేచినట్టుంటాడు. ఆ లాడ్జిలో పొద్దుటెండ తిన్నగా గదిలోకి వచ్చి మంచం కాళ్ళ దాకా పడేది. డిసెంబరులో అలా పడిందంటే వరండా ఒడ్డుకి సమాంతరంగా ఉన్నట్టు. ఈ ఒక్క లెక్కతో సందుల్లో అడ్డంగా ఉన్న పాత ఇళ్ళన్నీ తీసేయొచ్చు.

దొరికిన చోట నిలబడి ఫోటోలో లాడ్జి కప్పు ఉన్న వైపు చూస్తే మూడంతస్తుల హోటలు ఒకటి కనిపించింది. ముందు రోజు దాని గేటు దగ్గర అడిగితే ఇక్కడ పాతదేమీ లేదన్నారు. ఈసారి పక్క సందులోంచి వెనక్కి వెళ్ళాను. మూడంతస్తుల వెనక, దాని నీడలో, ఒంటి అంతస్తు వరస. వరండాకి ఇటుక గోడ కట్టేశారు. గదులు వంటింటి సామాను, పరుపులు, పనివాళ్ళ నివాసం. గడప దగ్గర సిమెంటు పెచ్చు లేచిన చోట అరచేయంత ఎర్ర గచ్చు కనబడుతోంది.

ముందున్న కొత్త భవనానికి ఇరవై ఏళ్ళుంటాయేమో. బాల్కనీల కింద కాంక్రీటు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. ఉప్పుగాలి కాంక్రీటు లోపలికి పాకి చువ్వని పడుతుంది. తుప్పు ఇనుము కంటే రెండు మూడు రెట్లు, ఇంకా ఎక్కువ కూడా చోటు అడుగుతుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపల్నుంచి పగులుతుంది. పైన ఎన్నిసార్లు రంగేసినా లాభం లేదు. వెనకనున్న పాత వరసలో చువ్వే లేదు. గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడలు, టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నం పోసిన మద్రాసు కప్పు. అందుకే రెండు తుఫాన్లు దాటి నిలబడింది. దానికి దెబ్బ తగిలింది మనుషుల చేతే. సున్నం గోడ మీద సిమెంటు పూత పూశారు. సున్నం గోడ చెమ్మని పీల్చి వదిలేస్తుంది, సిమెంటు వదలనివ్వదు. ఉప్పు లోపలే గడ్డకట్టి పూతని పొరలు పొరలుగా తోసేస్తోంది. ఆ పూత గీకేసి మళ్ళీ సున్నమే పూస్తే ఈ గోడలు ఇంకో యాభై ఏళ్ళుంటాయి. నాలాంటివాడు చెబితే ఎవరు వింటారు, అయినా మేనేజరుకి చెప్పాను.

ఇదేనని తేల్చింది మాత్రం బావి. గట్టు చుట్టూ రాతి పలకలు. ఉత్తరం వైపు పలక మీద అయిదు గాడులు, గిలక పెట్టకముందు చేంతాడు ఒరిసి ఒరిసి పడినవి. మధ్య గాడి అన్నిటికంటే లోతు, చూపుడువేలు నిలువుగా పడితే గోరు కూడా మునుగుతుంది. అడుగున రాయి గాజులా నున్నగా ఉంది. అప్పుడూ వేలు పెట్టి చూసినదే.

గిన్నెలు తోముతున్నామె తెలుగావిడే. బావి నీళ్ళు తాగొచ్చా అని అడిగితే నవ్వి, "ఉప్పు బాబూ, అంట్లకే" అంది. 1998లో ఆ నీళ్ళే తాగేవాళ్ళం. సముద్రానికి అంత దగ్గర తీపి నీళ్ళెలా అంటే, ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక, ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. బావి నీటి మట్టం సముద్రం కంటే ఒక్క అడుగు ఎత్తుంటే కింద సుమారు నలభై అడుగుల దాకా తీపి నీరని లెక్క. బోరు మోటార్లతో ఆ పై అడుగు లాగేస్తే కింద ఉప్పునీరు నలభై అడుగులు పైకొస్తుంది. చేదతో తోడినన్నాళ్ళు వాన ఆ లోటు పూడ్చేది. ఇప్పుడు ఈ వరసలో ప్రతి హోటలుకీ ఒక బోరు.

ఆమె చేద నాకిచ్చింది. గిలక ఎప్పుడో పోయింది. తాడు మధ్య గాడిలో వేసి తోడి, దోసిట్లో పట్టి ఒక గుక్క తాగాను. కటిక ఉప్పేమీ కాదు, గొంతు చివర కొంచెం తగులుతుంది. మిగిలింది ఆమె గంగాళంలో పోశాను. ఇంకో మూడు చేదలు తోడమంది, తోడాను.