మాడ్రిడ్‌లో సీత కష్టాలు

జూన్, గురువారం

ఇక్కడ అపాయింట్‌మెంట్‌ని ‘థీతా’ అంటారు. మా కింది ఫ్లోర్ కొలంబియా ఆవిడ పలికితే అచ్చంగా ‘సీతా’ అనే వినిపిస్తుంది. అందుకే ఏడేళ్లుగా మా ఇంట్లో వీటికి సీత కష్టాలని పేరు. రెసిడెన్స్ కార్డు రెన్యువల్‌కి వేలిముద్రలు ఇవ్వాలంటే ముందు ఆన్‌లైన్‌లో సీత దొరకాలి. రెండు వారాలు పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఇవాళ పది గంటలకి దొరికింది.

వెళ్లాను. ఫారం సంగతి ఎప్పుడూ ఉండేదే. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, ఒకటి నాన్నది, ఇంకోటి అమ్మది. పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. నా పాస్‌పోర్టులో ఉన్నది ఒక్కటే, అదీ మావారిది. వచ్చిన కొత్తలో ఒకాయన మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని “మీరిద్దరూ అన్నాచెల్లెళ్లా?” అని అడిగాడు. ఈయన మొహం చూడాలి అప్పుడు! ఇప్పుడు అలవాటైపోయింది, రెండో గడిలో ఒక గీత గీసేస్తాను. అదే ఫారంలో అమ్మ పేరు, నాన్న పేరు రాయమని కూడా ఉంటుంది. మా అమ్మ పేరు నేను ఊళ్లో ఉన్నన్నాళ్లు రాసినదానికంటే ఇక్కడికొచ్చాకే ఎక్కువసార్లు రాశాను.

అంతా బాగానే ఉందనుకునేసరికి, కౌంటర్లో ఆవిడ ‘పద్రోన్’ దగ్గర ఆగింది. ఫలానా ఇంట్లో ఉంటున్నామని మునిసిపాలిటీ ఇచ్చే కాగితం అది. మూడు నెలల లోపుది కావాలట. నాది మూడు నెలలు దాటి నాలుగు రోజులైంది. “ఇది చెల్లదు కరీన్యో” అంది. కరీన్యో అంటే మనం బంగారం, కన్నా అన్నట్టు. ఆ ముద్దు మాటతోనే వెనక్కి పంపేసింది. కోపం తెచ్చుకోవాలో, నవ్వాలో తెలియలేదు. మళ్ళీ సీతాన్వేషణ.

బయటికొచ్చి మా వీధి మొగలో బార్‌కి వెళ్లాను. బార్ అంటే మన ఊళ్లో అనుకునేది కాదు, పొద్దున కాఫీ, బ్రెడ్డు మీద టమాటా గుజ్జు, ఆలివ్ నూనె. నేను నోరు తెరవకముందే బార్ ఆయన పాలు వేడి చేస్తాడు, చక్కెర పొట్లం ఒకటి తీసేస్తాడు. సర్కారు కంప్యూటర్‌కి నేనెవరో తెలియడానికి నాలుగు కాగితాలు చాలవు. బార్ ఆయనకి నేను గుమ్మంలో అడుగు పెడితే చాలు.

మధ్యాహ్నం రెండున్నరకి మా ఆఫీసు అమ్మాయితో భోజనం. బీన్స్ కూర తెప్పిస్తే అందులో పంది మాంసం ముక్కలు. మాంసం వద్దన్నాను కదా అంటే, “మాంసం కాదమ్మా, హామోన్” అన్నాడు వెయిటరు అమాయకంగా. హామోన్ అంటే ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది తొడ. ఏడేళ్లలో ఇది ఎన్నోసారో లెక్క లేదు. తిన్నాక ఎవరూ లేవరు. ఆ కబుర్లకి ‘సోబ్రెమేసా’ అని ఒక పేరే ఉంది. నాకు ఈ దేశంలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఈ అమ్మాయికి నా అత్తగారి తగాదాలు కూడా తెలుసు. కానీ ఐదేళ్లయినా తన ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలియదు. నేను పిలిస్తే వచ్చింది, పులిహోర రెండుసార్లు పెట్టించుకుని తింది. తను మాత్రం ఎప్పుడూ బయటే కలుద్దామంటుంది. మొదట్లో బాధపడ్డాను. ఇక్కడ స్నేహాలు వీధిలోనే, ఇల్లు మటుకు చుట్టాలకీ, చిన్నప్పటి బడి స్నేహితులకీ.

బాబుకి మూడేళ్లప్పుడు అర్ధరాత్రి జ్వరం నూట నాలుగైతే ఎమర్జెన్సీకి పరిగెత్తాం. నేను బ్యాగులో డబ్బు కోసం వెతుకుతుంటే నర్సు వింతగా చూసింది. ఆ రాత్రి ఒక్క యూరో కూడా ఎవరూ అడగలేదు. ఇండియా వెళ్లిపోదామని ఈయన అన్నప్పుడల్లా నాకు ఆ రాత్రి గుర్తొస్తుంది.

పౌరసత్వం సంగతి వేరే. మనకి పదేళ్లు ఉండాలి. కింది ఫ్లోర్ ఆవిడలాంటి లాటిన్ అమెరికా వాళ్లకి రెండేళ్లు చాలు. పైగా తీసుకుంటే భారత పాస్‌పోర్టు వదులుకోవాలి. ఇంకా మూడేళ్లుంది కదా అని ఆ మాట ప్రతిసారీ వాయిదా వేస్తున్నాం.

సాయంత్రం లవాపియేస్ అనే పేటలో బంగ్లాదేశ్ వాళ్ల కొట్లో కందిపప్పు, కరివేపాకు కొని, బాబుని తీసుకుని మా ప్లాసాకి, అంటే ఇళ్ల మధ్య అందరూ చేరే ఖాళీ చోటుకి, వెళ్లాను. తొమ్మిదిన్నరకి ఇంకా ఎండ. పిల్లలు బంతి ఆడుతున్నారు, ముసలమ్మలు బెంచీ మీద విసనకర్రలతో, ఒకావిడ మా వాడికి పొద్దుతిరుగుడు గింజలు వొలిచి పెడుతోంది. మా కాకినాడలో అమ్మమ్మ వాళ్ల అరుగు గుర్తొచ్చింది. పదిన్నరయ్యింది, ఎవరూ లేవలేదు, నేనూ లేవలేదు.

ఇంటికొచ్చి ఫోన్ చూస్తే అమ్మ మిస్డ్ కాల్, ఏడు గంటలకి. అంటే అక్కడ రాత్రి పదిన్నర. పడుకునే ముందు చేసి ఉంటుంది. ఇప్పుడు అక్కడ రెండు దాటింది. ఇక్కడి సాయంత్రం మొదలయ్యేసరికి అమ్మ నిద్రపోతుంది. ఈ వారంలో ఇది మూడోసారి.

రేపు ఆరున్నరకి అలారం పెట్టాను. ముందు అమ్మకి ఫోన్, ఆ తర్వాత సీత.