గూడబాతు చుట్టాల లెక్క డీఎన్ఏ తిరగరాసింది

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చలికాలం వస్తే చింతచెట్ల మీద గూడబాతులు (పెలికాన్‌లు), పెయింటెడ్ స్టార్క్ కొంగలు పక్కపక్కనే గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుకుంటాయి కదా, చూసినవాళ్ళెవరికైనా ఇవి రెండూ ఒకే వంశం అనిపిస్తుంది. ఊళ్ళో సైబీరియా నుంచొస్తాయని చెప్తారు గానీ రెండూ మన వేడి ప్రాంతాల పక్షులే, ఇండియా, శ్రీలంక, కంబోడియా అటువైపు బతికేవి. అది అలా ఉంచితే, ఈ గూడబాతుకి నిజంగా దగ్గరి చుట్టం ఎవరు అన్నదానికి జవాబు గత ఇరవై ముప్ఫై ఏళ్ళలో మొత్తం మారిపోయింది. పక్షుల గురించి నేను చదివినవాటిల్లో నాకు ఇంత నచ్చిన విషయం ఇంకోటి లేదు, అందుకే రాస్తున్నా.

పాతకాలం లెక్క పాదాల మీద నడిచింది. బాతుకి ముందు మూడు వేళ్ళ మధ్యే పొర ఉంటుంది, వెనక వేలు విడిగా ఉంటుంది. గూడబాతు కొమ్మ మీద నిలబడ్డప్పుడు బైనాక్యులర్‌తో పాదం చూడండి, ఆ వెనక వేలు లోపలికి తిరిగి ఉంటుంది, దాన్ని కూడా కలుపుకుని నాలుగు వేళ్ళకీ పొర ఉంటుంది. మన చెరువుల్లో రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకికీ అంతే, సముద్రం మీద తిరిగే ట్రాపిక్ బర్డ్‌కీ అంతే. పక్షుల్లో ఇలాంటి పాదం బాగా అరుదు, కాబట్టి వీటన్నిటినీ పెలికానిఫార్మిస్ అని ఒకే క్రమంలో (ఆర్డర్, అంటే చుట్టాలనుకున్న పక్షుల పెద్ద గుంపు) పెట్టారు, పొడుగు కాళ్ళున్న కొంగలన్నిటినీ సికోనిఫార్మిస్ అని ఇంకో క్రమంలో పెట్టారు. అప్పట్లో చేతిలో ఉన్నవి చర్మాలు, ఎముకలే, వాటితో అంతకంటే బాగా ఎవరూ చెయ్యలేరు.

తర్వాత 1970ల్లో సిబ్లీ, ఆల్‌క్విస్ట్ అనే ఇద్దరు అమెరికన్లు రెండు జాతుల డీఎన్ఏ పోగుల్ని విడదీసి ఒకదాని పోగుకి ఇంకోదాని పోగు జత చేసి, ఆ జత ఎంత వేడికి విడిపోతుందో కొలవడం మొదలెట్టారు, దగ్గరి చుట్టాలైతే జత గట్టిగా ఉంటుంది కాబట్టి ఎక్కువ వేడి కావాలి. అది మోటు పద్ధతే కానీ దారి చూపించింది. 2008లో హ్యాకెట్ టీమ్ సైన్స్ పత్రికలో వేసిన పేపర్ అయితే 169 జాతుల పక్షుల్ని తీసుకుని ఒక్కోదాని జీనోమ్‌లో (అంటే మొత్తం డీఎన్ఏలో) 19 చోట్ల, సుమారు 32 వేల డీఎన్ఏ అక్షరాలు చదివి పోల్చింది, దాంతో చాలా పాత లెక్కలు తలకిందులయ్యాయి.

ఈ కొత్త లెక్క ప్రకారం గూడబాతుకి అందరికంటే దగ్గర ఆఫ్రికా చిత్తడి నేలల్లో ఉండే షూబిల్, ఇంకా హ్యామర్‌కాప్ అనే చిన్న గోధుమరంగు పక్షి. ఆ తర్వాత మన వరిచేలల్లో ట్రాక్టర్ వెనకాల తిరిగే తెల్లకొంగ, దాంతోపాటు వంకర ముక్కు ఐబిస్. ఆ తర్వాత నీటికాకి. అన్నిటికంటే దూరం ఎవరంటే అదే చింతచెట్టు మీద పక్క గూట్లో ఉన్న స్టార్క్! ఇది మా చిన్నమావయ్యకి చెప్తే, "ఒకే చెట్టు మీద ఉన్నంతమాత్రాన చుట్టాలైపోతారేట్రా, మన వీధిలో ఉన్నోళ్ళందరూ మన చుట్టాలేటి" అన్నాడు, నాకు ఏ పేపర్‌లోనూ ఇంత సూటిగా చెప్పినమాట దొరకలేదు.

మరి ఆ నాలుగు వేళ్ళ పొర సంగతేంటి? ట్రాపిక్ బర్డ్ దగ్గర అసలు కథ ఉంది. 2014లో 48 పక్షుల పూర్తి జీనోములు పోల్చినప్పుడు ట్రాపిక్ బర్డ్ గూడబాతు వైపు కాకుండా సన్‌బిటర్న్ అనే మధ్య, దక్షిణ అమెరికా అడవి పక్షి పక్కన తేలింది, దాని వేళ్ళకి పొరే లేదు. అంటే ఒకే రకం పాదం వేరువేరు వంశాల్లో విడివిడిగా పుట్టింది, నీళ్ళలో బతుకు అలాంటి పాదాన్ని మళ్ళీ మళ్ళీ తయారు చేస్తుందన్నమాట. పాదం చెప్పింది బతుకుతెరువు గురించి, పుట్టుక గురించి కాదు.

2010లో అమెరికన్ ఆర్నిథాలజిస్ట్స్ యూనియన్ అనే పక్షి శాస్త్రవేత్తల సంఘం తన పక్షుల లిస్ట్ మార్చేసింది, తెల్లకొంగలు, ఐబిస్‌లు పెలికానిఫార్మిస్‌లోకి వచ్చాయి, నీటికాకులు సూలిఫార్మిస్ అని వేరు పడ్డాయి, సికోనిఫార్మిస్‌లో చివరికి స్టార్క్‌లు మాత్రమే మిగిలాయి. ఇలా మాటిమాటికీ మారుస్తారేంటి, పాత పుస్తకాలు పనికిరాకుండా పోతున్నాయి అని బర్డింగ్ చేసేవాళ్ళు విసుక్కుంటుంటారు, ఆ బాధ అర్థమవుతుంది. కానీ నా ఉద్దేశంలో మార్చాల్సిందే, ఎందుకంటే ఒక క్రమంలో పెట్టడం అంటే వీటి పూర్వీకులు ఒకరే అని చెప్పడం, అది తప్పని తేలాక కూడా అలవాటు కోసం అలాగే ఉంచితే లిస్ట్ ఎందుకు? పైగా అన్నీ డీఎన్ఏ వచ్చాకే తెలిశాయనీ కాదు, షూబిల్‌కి శాస్త్రీయ నామం పెట్టిన జాన్ గౌల్డ్ 19వ శతాబ్దంలోనే అది గూడబాతు వైపుదే అన్నాడు, ఆ మాటకి బలం రావడానికి నూరేళ్ళు పైనే పట్టింది.

అన్నీ తేలిపోలేదు కూడా. 2024లో నేచర్‌లో 363 జాతుల జీనోములతో ఇంకా పెద్ద వంశవృక్షం వేశారు, అయినా దక్షిణ అమెరికాలో ఆకులు తిని బతికే హోయాట్జిన్‌ని ఎక్కడ పెట్టాలన్న వాదన మాత్రం నడుస్తూనే ఉంది. వచ్చే పోస్టు దాని గురించే, ఈలోపు తేలినీలాపురం వెళ్ళేవాళ్ళుంటే గూడబాతు పాదం ఫొటో బాగా వస్తే నాకు పంపండి.