కత్తికోరల పులి: ముందు పంజా, తర్వాతే కోర

కత్తికోరల పులి అంటున్నాం గానీ, మంచుయుగంలో బతికిన ఈ వేటజంతువు స్మైలోడాన్‌కి పులితో దగ్గరి చుట్టరికం లేదు. దాని కోరని అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉండదు, పక్కల నుంచి నొక్కినట్టు పలచగా ఉంటుంది. ముందువెనకల ఒత్తిడిని బాగానే ఓర్చుకుంటుంది. పక్కకి మెలిపడితే మాత్రం పుటుక్కుమంటుంది. అందుకే గిలగిలా కొట్టుకునే జంతువుని కరిస్తే కోర పోయినట్టే. పొంచి ఉండి మీదపడి, బలిసిన ముంగాళ్లతో బైసన్‌ని (అడవి దున్న లాంటి జంతువుని) నేలకి అదిమిపెట్టాకే నోరు సుమారు 120 డిగ్రీలు తెరిచి కోరల్ని గొంతులో దించేది. దవడ పట్టు సింహం కన్నా తక్కువే. ఆ లోటుని మెడ కండరాలు తీర్చేవి.

లాస్ ఏంజెలెస్‌లోని లా బ్రియా తారు గుంటల్లో 2,000కి పైగా స్మైలోడాన్ల ఎముకలు దొరికాయి. వాటి భుజాల్లో, నడుముల్లో మానిన దెబ్బలు చాలానే ఉన్నాయి. కుస్తీపట్టు వేట మరి!

కోరలు మరీ పెరిగిపోయి చచ్చాయనే పాత కబుర్ని నమ్మకండి. మంచుయుగం చివర్లో వాతావరణం మారింది, దానికి మనుషుల వేట తోడైంది, పెద్ద శాకాహారులు తరిగిపోయాయి. సుమారు 10,000 ఏళ్ల కిందటికి స్మైలోడాన్ కూడా కనుమరుగైంది. అదే నేల మీద కొయొట్ (తోడేలు జాతికి చెందిన చిన్న జంతువు) కుందేళ్లూ ఎలుకలూ తిని బతికిపోయింది. స్మైలోడాన్‌కున్నంత బరువైన ఒళ్లు కుందేలు వెంట ఎంత దూరం పరిగెడుతుంది?