నాకు అర్హత లేని వేసవి

హవాయి పెద్ద ద్వీపంలోని హీలో పట్టణానికి భూగర్భశాస్త్ర పరిశోధన విద్యార్థిగా వచ్చిన రెండో ఏడాది, వేసవి శిక్షణకు వచ్చిన డిగ్రీ విద్యార్థులను చూసుకునే పని నాకు అప్పగించారు. వాళ్లకు పది వారాల పాటు భత్యం, వసతి, చిన్నదే అయినా సొంతంగా ఒక పరిశోధన ప్రశ్న. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో నడిచే ఈ తరహా శిక్షణలో అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకే చోటు. అంటే డిగ్రీ రోజుల్లో నేను దరఖాస్తు కూడా పెట్టుకోలేకపోయేవాణ్ణి. నేర్పడానికి మాత్రం నా వీసా సరిపోయింది. ఫిర్యాదేమీ లేదు. గుర్తొచ్చినప్పుడు నవ్వుకుంటాను, అంతే.

నేను చదివిన అగ్నిపర్వతం చెక్కపెట్టెలో ఉండేది, నంబరు అంటించిన నల్లరాయిగా. దాని మీద ఐదు మార్కుల జవాబు కళ్లు మూసుకుని రాయగలిగేవాణ్ణి. ఈ పిల్లలు నిర్వచనం అడిగితే తడబడతారు, రాయి చేతికిస్తే వదలరు. నన్ను పేరు పెట్టి పిలుస్తారు. మొదటి వారం అది చెవికి గుచ్చుకుంది. రెండో వారానికి, పిలిచిన వెంటనే సుత్తి అందించేవాణ్ణి.

అందరూ ఎర్రగా పారే లావా చూడాలనే వస్తారు. మేమిచ్చేది రంపం, నీళ్లు, రాతి బురద. రాతిని బిళ్లగా కోసి, గాజుపలకకు అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందానికి వచ్చేదాకా అరగదీయాలి. థిన్ సెక్షన్ అంటాం. అప్పుడు రాతిలోంచి వెలుతురు వస్తుంది. మందాన్ని కంటితోనే పసిగట్టాలి: ధ్రువణ కాంతిలో ప్లేజియోక్లేజ్ అనే ఖనిజపు స్ఫటికాలు పసుపు వదిలి బూడిద రంగుకు దిగితే చెయ్యి ఆపాలి. ఇంకాస్త అరగదీస్తే రాయి పోయి గాజు మిగులుతుంది. వాళ్ల ముందే నేను రెండు పలకలు అలా పోగొట్టాను. వాళ్లు నాతో చనువుగా మాట్లాడటం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

మా ప్రశ్న ఈ ద్వీపంలోని కిలావెయా అగ్నిపర్వతం 2018లో కక్కిన లావా గురించి. ఆ ఏడాది మే 3న లెయిలానీ ఎస్టేట్స్ అనే కాలనీ వీధుల్లో నేల పగిలింది. మొత్తం 24 పగుళ్లు. 700కు పైగా ఇళ్లు లావా పాలయ్యాయి. స్థల యజమానుల అనుమతి తీసుకుని అక్కడ నమూనాలు ఏరుతున్నాం. గరుకు ముక్కలుగా గట్టిపడే 'ఆఆ' రకం లావా మీద నడక అంటే పగిలిన సీసాల గుట్ట మీద నడకే. ఒకచోట తూలి చెయ్యి ఆనిస్తే చేతితొడుగు చిరిగింది. వానకు సంచుల మీద నంబర్లు కరిగిపోకుండా చూసుకోవడం నా పని. ఒక సంచి విషయంలో అదీ చేతకాలేదు.

"ఇది ఎక్కడ తీశామో గుర్తుందా?" అని అడిగాను. ఆ కాలనీ ఉన్న పూనా ప్రాంతం (మన పుణె కాదు) నుంచి వచ్చిన అమ్మాయి వెంటనే, "మా అమ్మమ్మ ఇంటి దగ్గర" అంది. అంతవరకూ ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు. అంతకుముందు గంటసేపు అదే లావా మీద నిలబడి నేను, "ఎంత అందమైన ప్రవాహం!" అంటూనే ఉన్నాను.

ఆ నమూనాను ఆమే అరగదీసింది. మొదట తెరుచుకున్న పగుళ్ల నుంచి వచ్చింది తాజా శిలాద్రవం కాదు. ఎప్పుడో లోపలికి చొచ్చుకొచ్చి, పైకి రాలేక, దశాబ్దాలుగా అక్కడే చల్లారుతూ ఉండిపోయినది. తర్వాత 8వ పగులు నుంచి పొంగినది మరింత వేడిది, ఆలివిన్ అనే ఆకుపచ్చ ఖనిజం ఉన్నది. 17వ పగులైతే ఏకంగా, ఇక్కడి మామూలు లావా కంటే సిలికా ఎక్కువుండే ఆండసైట్‌నే కక్కింది. కిలావెయాలో అది అరుదు. సూక్ష్మదర్శిని దగ్గర కూర్చుని నేను ఇదంతా ఉత్సాహంగా చెబుతుంటే ఆమె మధ్యలో ఆపింది.

"అయితే అమ్మమ్మ ఇల్లు కట్టించేనాటికే ఇది కింద ఉందన్నమాట."

"ఉండవచ్చు" అన్నాను. అంతకంటే ఖచ్చితంగా చెప్పే ఆధారం ఆ ఒక్క పలకలో లేదు.

చివరి వారం పోస్టరు కోసం నమూనాల పట్టిక తయారు చేయమన్నాను. సంచి మీది నంబరు చెరిగిపోయిన ఆ నమూనా వరుసలో అక్షాంశ రేఖాంశాలు దశాంశాలతో సహా సరిగ్గా నింపింది. పక్కన వ్యాఖ్యల గడిలో "వంటగది" అని ఉంది. పట్టికలు దిద్దడం నా బాధ్యతే. ఆ గడి జోలికి పోలేదు.